జాతర రాత్రికి ఏ కెమెరా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్. పుట్టిల్లు బరంపురం. అక్కడ రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో ఈసారి రాత్రిపూట ఘటాల ఊరేగింపు ఫొటోలు తీయాలని నా కోరిక. ఐదేళ్ల కిందట కొన్న చిన్న సెన్సర్ (వెలుగుని పట్టే పలక) ఉన్న డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్స్ ఉన్నాయి. రాత్రి ఏది తీసినా అలికేసినట్టో, చుక్కలు చుక్కలుగానో వస్తోంది. ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉన్న కొత్త కెమెరా కొనమని షాపతను అంటున్నాడు. 50 వేలు దాచుకున్నాను. ఏది కొనమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు లెన్స్ కొనండి. కెమెరా సంగతి తర్వాత.

మీ లెన్స్‌ని 50 దాకా జూమ్ చేసి, ఎఫ్ అంకె ఎంతకి తగ్గుతుందో చూడండి. ఆ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుని ఎక్కువ వెలుగు వస్తుంది. 5.6 దగ్గరే ఆగిపోతుంది. అదే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ అయితే దాదాపు పదింతల వెలుగు లోపలికి వస్తుంది. ఇప్పుడు 1/15 సెకండు పడుతున్న ఫొటో 1/125లో వచ్చేస్తుంది. నడిచే మనిషి ముఖం అలుక్కుపోవడానికీ, నిలవడానికీ తేడా అక్కడే ఉంది. ఈ లెన్స్‌కి మీ డబ్బులో సగం కూడా కాదు. మీ కంపెనీ కెమెరాకి పట్టేదేనా అని మాత్రం అడిగి తీసుకోండి.

ఒక చిక్కుంది. మీ కెమెరా మీద 50 ఎంఎం బాగా దగ్గరగా చూపిస్తుంది. జాతరకి అమ్మవారు వచ్చి ఉండే రోజుల్లో దేశిబెహరా వీధిలో వెనక్కి ఒక్క అడుగు వేయడానికి చోటుండదని మీకు నేను చెప్పాలా! అందుకే కాస్త వెడల్పుగా చూపే 35 ఎంఎం, ఎఫ్ 1.8 మీకు బాగా పనికొస్తుంది.

మెగాపిక్సెల్స్ మాట నమ్మకండి. చీకట్లో తీయడానికే పేరుపడ్డ సోనీ ఏ7ఎస్ 2014లో వచ్చినప్పుడు దానికి ఉన్నవి 12 మెగాపిక్సెల్స్. చేయి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ కూడా ఇక్కడ మిమ్మల్ని కాపాడదు. నా మొదటి యాత్రలో దాన్నే నమ్ముకుని 1/10లో తీశాను. ఇంటికెళ్లి చూస్తే అరుగులు, గుమ్మాలు గీత గీసినంత స్పష్టంగా ఉన్నాయి. ఘటం ఎత్తుకుని నడుస్తున్న ఆడవాళ్లలో మాత్రం ఒక్కరి ముఖమూ లేదు. మళ్లీ తీయడానికి రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ బాధ మీకు వద్దు.

కెమెరా కూడా మార్చాలనే ఉంటే సెకండ్ హ్యాండ్ ఫుల్ ఫ్రేమ్ చూడండి. దాని సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, మీదానికి రెట్టింపు కంటే పెద్దది. 2012 నాటి కెనాన్ 6డి నడిమి ఫోకస్ పాయింట్ వెన్నెల వెలుగులోనూ పట్టుకుంటుంది. 2014 నాటి నికాన్ డి750 కూడా మంచిదే. ఎన్ని క్లిక్కులు తిరిగిందో అడక్కుండా డబ్బు చేతిలో పెట్టకండి. ఆ దారిలో వెళ్లేటట్టయితే చిన్న సెన్సర్ కోసం చేసిన 35 కొనొద్దు, ఫుల్ ఫ్రేమ్‌కి పనికొచ్చే 50 ఎంఎం తీసుకోండి.

సీరియల్ లైట్ల కింద షట్టర్ స్పీడు 1/100 సెకండు దగ్గర ఉంచండి. మన కరెంటుకి చాలా బల్బులు సెకనుకి వందసార్లు మినుకుతాయి, స్పీడు బాగా పెంచితే ఫొటోలో చారలు పడతాయి. చీకట్లో ఫొటో వెలుగు పెంచే ఐఎస్ఓ అంకె 3200కి వెళ్లినా భయపడకండి, కెమెరా కుదించకుండా దాచే రా ఫైలు తీసుకుంటే చుక్కలు తర్వాత తగ్గించుకోవచ్చు.

ఫ్లాష్ మాత్రం వద్దమ్మా. ఒకసారి ఒకావిడ గుమ్మం ముందు ఆగితే, ఎదురొచ్చిన హారతి వెలుగు ఆమె పసుపు చెంప మీదా, ముక్కుపుడక మీదా పడింది. మిగతా ముఖమంతా చీకటి. నేను తీసిన ఫొటోల్లో నాకు అదే ఇష్టం. ఫ్లాష్ కొట్టి ఉంటే ఆ వెలుగు చచ్చిపోయేది. పైగా తలమీద ఘటంతో నడిచే మనిషి కళ్లలోకి వెలుగు కొట్టడం తప్పు.

లెన్స్ రాగానే ఇంట్లో ఒక్క బల్బు ఉంచి, అటూ ఇటూ నడిచే పిల్లల్ని తీయండి. ఎఫ్ 1.8 దగ్గర కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. కంటి మీద గురి కుదిరేదాకా పది రాత్రులు పట్టినా పట్టనివ్వండి.