'అక్రమ వేలం' అనొచ్చా?

సందేహం: అప్పు కేసులో కోర్టు ఒకాయన ఇల్లు వేలం వేయించింది. ప్రకటన అతికించాక ఆగాల్సినన్ని రోజులు ఆగకుండానే పాట పెట్టారని ఆయన పిటిషన్ వేస్తే, పేపర్లో "అక్రమ వేలంపై ఫిర్యాదు" అని వచ్చింది. ఈ వాడుక సరైనదేనా? 'వేలం రద్దు', 'వేలం చెల్లదు' రెండూ ఒకటేనా?

సమాధానం: విడదీసి చూస్తే అక్రమం అంటే క్రమం తప్పిందనే, కాబట్టి రాసినవాళ్లను మరీ తప్పుపట్టలేం. కానీ మాటను విడదీసుకుంటూ ఎవరూ పేపరు చదవరు కదా! అక్రమ రవాణా, అక్రమ కట్టడం, అక్రమార్జన అని వినీ వినీ ఇప్పుడు ఆ మాట వినపడగానే నేరమే గుర్తొస్తుంది, ఎవరో కుమ్మక్కై ఇల్లు కాజేశారనుకుంటాం. ఇక్కడి ఆరోపణ అది కాదు. స్థిరాస్తి అయితే కోర్టులో ప్రకటన అతికించాక కనీసం 15 రోజులు ఆగాలి, బాకీదారు రాసిచ్చి ఒప్పుకుంటే తప్ప. ఆగలేదంటున్నారు, అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 90 కూడా పద్ధతి తప్పడాన్నీ మోసాన్నీ విడివిడిగానే చెప్తుంది. 'క్రమభంగం' అనొచ్చు గానీ నేనైతే "వేలంలో పద్ధతి తప్పారని పిటిషన్" అనే రాస్తాను. 'ఫిర్యాదు' కూడా వద్దు, చదివేవాళ్లు పోలీసు కేసనుకుంటారు.

ఇక రద్దు, చెల్లకపోవడం ఒకటి కావు. ఉన్నదాన్నే కదా రద్దు చేసేది. పద్ధతి తప్పినంత మాత్రాన వేలం దానంతటదే పోదు, 60 రోజుల్లోపు కోర్టుకెళ్లి అడగాలి, అడిగినా తప్పు జరిగిందని చూపిస్తే చాలదు, దానివల్ల తనకు చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని కూడా రుజువు చేయాలి. పైగా ప్రకటన తయారయ్యేనాటికే చెప్పగలిగిన అభ్యంతరాన్ని అప్పుడు ఊరుకుని ఇప్పుడు తెస్తే కోర్టు వినదు. ఎవరూ అడగకపోతే వేలం ఖాయమవుతుంది. చెల్లకపోవడం వేరు, అక్కడ అసలు అమ్మకమే లేదు. పాట పాడినవాళ్లు 25 శాతం వెంటనే, మిగతాది 15 రోజుల్లో కట్టాలి (డిక్రీ పొందినవాళ్లే, అంటే కేసు గెలిచిన అప్పులవాళ్లే కొంటే లెక్క వేరు). అలా కట్టకపోతే అమ్మకం జరగనట్టేనని 1954లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటిచోట 'చెల్లదు' అనడమే సరి.

మీరు అడగలేదు గానీ, 'కొట్టివేత'తో ఇంకా ప్రమాదం. 'వేలం కొట్టివేత' అంటే ఇల్లు నిలబడినట్టు, 'వేలంపై పిటిషన్ కొట్టివేత' అంటే పోయినట్టు. హెడ్డింగులో చోటు చాలక ఎవరో 'పిటిషన్' తీసేశారంటే తీర్పు తలకిందులైపోతుంది. వేలానికి 'రద్దు', పిటిషన్‌కు 'కొట్టివేత' అని అలవాటు చేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.