గుడ్లు పగిలేలోపు చదువు

చిన్నీ,

మీ ఉప్పునీళ్ల ట్యాంకులోని క్లౌన్‌ఫిష్ జంట కుండపెంకు మీద గుడ్లు పెట్టిందనీ, ఈసారి పిల్లల్ని నువ్వే బతికించుకుంటానని పట్టుబట్టావనీ మీ అమ్మ చెప్పింది. విన్నప్పటినుంచీ సంబరంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. మీ నాన్న తర్వాత ఈ పిచ్చి మన ఇంట్లో ఇంకెవరికీ పట్టదనుకున్నాను. పట్టింది, సంతోషం. వాడి ఓపిక నీకు రావాలి గానీ, వాడి తొందర మాత్రం రాకూడదు తల్లీ.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. నీళ్ల వేడిని బట్టి గుడ్లు వారం, పది రోజుల్లో పొదుగుతాయి. లోపలి కళ్లు వెండిలా మెరుస్తున్నాయంటే ఆ రాత్రో మర్నాడు రాత్రో అన్నమాట. దీపాలు ఆర్పాక గంటా రెండు గంటల్లో బయటికొస్తాయి. పిల్లలకి 40 లీటర్ల ట్యాంకు చాలు, పక్కలకి నల్ల కాగితం అంటించు, నీళ్లు పెద్దవాటి ట్యాంకులోవే పొయ్యి. మేతకి మొదట రోటిఫర్లు, అంటే కంటికి ఆనీ ఆనని ఆ నీటి జీవులు, దాదాపు వారం తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా రొయ్యపిల్లలు. ఇవన్నీ నీకు తెలుసు. నాకూ తెలుసు, నీకు తెలుసని.

ఇక అమోనియా, విసర్జనల నుంచీ కుళ్లిన మేత నుంచీ నీళ్లలో చేరి పిల్లల్ని చంపేది. పెద్ద ట్యాంకులో రాళ్లకీ ఇసుకకీ పట్టిన బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చేస్తుంటుంది. పిల్లల ట్యాంకులో గోడలన్నీ కొత్తవి, ఆ పని చేసే దిక్కు లేదు. గట్టి ఫిల్టర్ పెడదామంటే పిల్లలు అందులోకి లాక్కుపోతాయి. మరి అంత అమోనియా ఎక్కడినుంచి వస్తుంది? కనుగుడ్డంత కూడా లేని ఆ పిల్లలు విడిచేది కొంచెమే. చాలా భాగం మన చేత్తో మనం పోసేదే. రోటిఫర్లు పెంచే బకెట్ నీళ్లలో అమోనియా మహా ఎక్కువ. వాటిని నీళ్లతో సహా ట్యాంకులో వంపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 53 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, శుభ్రమైన ఉప్పునీళ్లు పోసి కడిగి, అప్పుడు వెయ్యి. మిల్లీలీటరుకు 5 నుంచి 10 రోటిఫర్లు ఉంటే చాలు. ఆకలితో చస్తాయేమోనని ఇంకో గ్లాసు పొయ్యకు. తినగా మిగిలిన రోటిఫర్లు కూడా ఊపిరి పీలుస్తాయి, విసర్జిస్తాయి, చస్తాయి, కుళ్లుతాయి.

నీళ్లు పచ్చగా ఉంచమని అందరూ చెబుతారు. బతికున్న నానోక్లోరాప్సిస్ నాచు అయితే వెలుతురులో అమోనియాని కొంత పీల్చుకుంటుంది, నిజమే. సీసాలో దొరికే చిక్కటి పేస్టు అలా కాదు, అది చచ్చిన నాచు. రోటిఫర్లకి మేతగా పనికొస్తుంది గానీ అమోనియాని తగ్గించదు, మోతాదు మించితే తనే కుళ్లి పెంచుతుంది. రెండూ చూడ్డానికి ఒకే పచ్చ. ఆ రంగు చూసి ధీమాగా ఉండకు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. నీకు చెప్పి ఉండడు, అది నువ్వు పుట్టకముందు మాట. పిల్లలు పొదిగాయి, చక్కగా మేత తింటున్నాయి. దుమ్ము పడుతుందని వాడు ట్యాంకు మీద మూత బిగించాడు, పిల్లలు కొట్టుకుపోతాయని నీళ్లలోకి బుడగలుగా వదిలే గాలి బాగా తగ్గించాడు. లోపల లక్షల రోటిఫర్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక, పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల క్షార గుణం చెప్పే అంకె, 7.8కి దిగింది. అమోనియా కొలిచే కిట్ ముదురు పచ్చ చూపించింది, అంటే అమోనియా చాలా ఉందని. అయినా పిల్లలు ఈదుతూనే ఉన్నాయి. అది వాడికి వింతగా తోచలేదు, భయం మాత్రం పట్టుకుంది. రాత్రంతా గాలి పెట్టిన కొత్త ఉప్పునీళ్లు తెచ్చి, పావు వంతు నీళ్లు ఒక్కసారిగా మార్చేశాడు. మూత తీసేశాడు, గాలి పూర్తిగా తిప్పాడు. మధ్యాహ్నానికి పిల్లలన్నీ అడుగున ఉన్నాయి. ఉప్పు మంచిది కాదని తేల్చేశాడు, చాలా ఏళ్లు అదే అన్నాడు.

ఉప్పుది ఏ పాపమూ లేదు. వాడి నోటుపుస్తకంలో పీహెచ్ అంకెలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి: ముందు 7.8, తర్వాత 8.3. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమోనియం, దాని హాని తక్కువ. రెండోది విడి అమోనియా, మొప్పల్లోంచి నేరుగా లోపలికి పోయేది, అసలు విషం. పీహెచ్ పెరిగేకొద్దీ మొదటిది రెండోదిగా మారుతుంది, వేడి పెరిగినా అంతే. 27 డిగ్రీల సముద్రపు నీళ్లలో 7.8 దగ్గర విషం వాటా నూటికి సుమారు 3, 8.3 దగ్గర సుమారు 9. కిట్ చూపించేది రెండూ కలిపిన మొత్తాన్ని. అంటే వాడు మొత్తంలో పావు వంతు తీసేసి, విషాన్ని రెట్టింపు దాటించాడు. నీళ్లు మార్చడం తప్పు కాదు చిన్నీ. బాకీ పేరుకోనిచ్చి ఒక్క పూటలో తీర్చబోవడం తప్పు.

అందుకని మూత కొంచెం తెరిచి ఉంచు, బుడగలు ఆగనీయకు, మొదటి రోజునుంచే పీహెచ్ చూసుకో. రోజూ అడుగున పేరుకున్న చెత్తని సన్నటి గాలిగొట్టంతో తెల్ల బకెట్‌లోకి లాగు. తెల్లదే ఎందుకంటే పొరపాటున వచ్చిన పిల్ల అందులో కనబడుతుంది. తీసినంత నీటిని పెద్ద ట్యాంకునుంచి అదే గొట్టానికి ముడి వేసి చుక్కచుక్కగా దింపు. గంట పట్టనీ, రెండు గంటలు పట్టనీ, నీకేం తొందర? పచ్చనీళ్లలో కిట్ రంగు మోసం చేస్తుంది. కిట్ చుక్కలు వెయ్యని అదే నీటిని ఇంకో పరీక్షగొట్టంలో పోసి, పగటి వెలుతురులో రెండూ పక్కన పెట్టి పోల్చు.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకరోజు రంగు ముదిరిందనుకో. ముందు మేత ఆపు. అమోనియాని బంధించే మందు సీసా మీద రాసిన కొలతకి వేసి, ఆ తర్వాతే చుక్కచుక్కగా నీళ్లు మార్చడం మొదలుపెట్టు. గాలి ఒక్కసారిగా పెంచకు. మందు వేశాక కూడా కొన్ని కిట్లు పాత రంగే చూపిస్తాయి, అది చూసి మళ్లీ మళ్లీ పొయ్యకు. నీ చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు, చిన్నప్పుడు నాటిన గింజ మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూసేదానివి.

ఒంటి మీద తెల్ల చారలు తేలి, పిల్లలు అడుగుకి దిగి స్థిరపడ్డాక మెల్లగా నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టొచ్చు. కొత్త స్పాంజ్ పెడితే లాభం లేదు, అందులో బాక్టీరియా ఉండదు. ఇప్పుడే ఒకటి పెద్ద ట్యాంకులో పెట్టి నాననీ, అప్పటికి పనికొస్తుంది. చారలు వచ్చే రోజుల్లో కొన్ని పోతాయి. ఎంత బాగా చేసినా పోతాయి, దానికి నిన్ను నువ్వు తిట్టుకుంటూ కూర్చోకు. అన్నీ పోయినా సరే నాకు చెప్పు, మీ నాన్నలా దాచకు. ఆ జంట మళ్లీ పెడుతుంది.

రోటిఫర్లు ఒకే బకెట్‌లో ఉన్నాయని మీ అమ్మ అంది. ఇవాళే సగం తీసి రెండో బకెట్‌లో వెయ్యి, ఒకటి కుప్పకూలినా రెండోది ఉంటుంది. పెద్ద ట్యాంకు పీహెచ్ ఉదయం ఎంత, రాత్రి ఎంత, కొలిచి రేపు నాకు రాయి.

మీ అత్త