పాఠకుల ప్రశ్నలు: ‘స్టార్టింగ్ కెర్నల్’ అని వచ్చి ఆగిపోతే...

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల దగ్గర వేడి, తేమ నమోదు చేసే పెట్టెను ప్రాజెక్టుగా చేస్తున్నాం. బోర్డు బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్. లైనక్స్ 6.6 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల భాగం) మేమే కంపైల్ చేసి, పాత మెమరీ కార్డులోని 3.8 కెర్నల్ తీసేసి దాని చోట వేశాం. సీరియల్ తెర మీద ‘స్టార్టింగ్ కెర్నల్’ అని వస్తుంది, తర్వాత ఒక్క ముక్క రాదు. కాన్ఫిగ్ (కెర్నల్‌లో ఏవి ఉండాలో చెప్పే సెట్టింగులు) ఎన్నిసార్లు మార్చినా అంతే. ఎక్కడ పొరపాటు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హన్మకొండ

జవాబు: ముందు కాన్ఫిగ్ జోలికి పోవడం మానండి. ఆ ఆఖరి లైను యూ-బూట్ (కెర్నల్‌ను ఎక్కించి నడిపించే ప్రోగ్రామ్) రాసింది; కెర్నల్ ఇంకా నోరే విప్పలేదు. అది నిజంగా చచ్చిపోయిందా, బతికే ఉండి మీకు వినపడని చోట మాట్లాడుతోందా అన్నది మొదట తేలాలి. పాత కార్డు అంటున్నారు కాబట్టి మా అనుమానం రెండోదాని మీదే.

3.8 కాలంలో ఈ బోర్డు సీరియల్ పోర్టు పేరు టీటీవైఓ0. టీటీవై తర్వాత ఇంగ్లిష్ ఓ అక్షరం, ఆ తర్వాత సున్నా. కొత్త 8250 డ్రైవర్‌లో అది టీటీవైఎస్0 అయింది. బూట్‌ఆర్గ్స్‌లో (యూ-బూట్ కెర్నల్‌కు అందించే సూచనల వరుసలో) పాత పేరే ఉండిపోతే కెర్నల్ చక్కగా లేచినా తెర ఖాళీగానే ఉండిపోవచ్చు. యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గర ఆపి ‘కన్సోల్=టీటీవైఎస్0,115200ఎన్8 ఎర్లీకాన్’ అని పెట్టండి. ఎర్లీకాన్ ఉంటే అసలు డ్రైవర్ లేవకముందే సందేశాలు బయటపడతాయి.

అయినా రాకపోతే డీటీబీ, అంటే బోర్డులో ఏ భాగాలున్నాయో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు, చూడండి. 6.5 నుంచి ఆర్మ్ బోర్డుల డివైస్ ట్రీ ఫైళ్లు కంపెనీల వారీ ఫోల్డర్లలోకి మారాయి. మీది ఇప్పుడు ‘డీటీఎస్/టీఐ/ఓమాప్’ లోపల ఉంటుంది. పాత స్క్రిప్టు పాత దారిలోనే వెతుకుతుంది. దొరక్కపోతే ఎర్రర్ ఇస్తుంది, అది మేలే. కార్డులో ముందటి డీటీబీ అలాగే మిగిలిపోతేనే చిక్కు: కొత్త కెర్నల్, పాత డివైస్ ట్రీ. ఫైలు తేదీ చూస్తే తెలిసిపోతుంది.

మూడోది బూట్ ఆదేశం. ఈ బోర్డుకు జెడ్‌ఇమేజ్ (కుదించిన కెర్నల్ ఫైలు) 0ఎక్స్82000000 దగ్గర, డీటీబీ 0ఎక్స్88000000 దగ్గర ఎక్కించడం వాడుక. ఆదేశం ఇలా ఉండాలి: ‘బూట్‌జెడ్ 0ఎక్స్82000000 - 0ఎక్స్88000000’. నడుమ ఉన్న గీత మరిచిపోతే యూ-బూట్ రెండో అడ్రస్‌ను ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) అనుకుంటుంది, కెర్నల్‌కు డీటీబీ అందదు. ఇక డీటీబీని కెర్నల్‌కు మరీ దగ్గరగా పెడితే, జెడ్‌ఇమేజ్ విప్పుకునేటప్పుడు దాని మీదే రాసేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండీ మౌనమేనా? సిస్టమ్.మ్యాప్ ఫైలులో ‘లాగ్_బఫ్’ అనే గుర్తు అడ్రస్ తీసుకోండి. దాని పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు ఉంటాయి. అడ్రస్ మొదట్లోని సీ స్థానంలో 8 పెట్టండి. బోర్డు ఆగిపోయాక కరెంటు తీయకుండా ఎస్1 బటన్‌తో రీసెట్ చేసి, యూ-బూట్‌లో ‘ఎండీ’ ఆదేశంతో ఆ అడ్రస్ తెరవండి. ర్యామ్ చాలావరకు చెరిగిపోదు కాబట్టి కెర్నల్ చివరగా రాసుకున్న మాటలు కుడివైపు వరుసలో కనిపిస్తాయి. అవీ లేకుంటే, అప్పుడు కాన్ఫిగ్ సంగతి: ‘ఓమాప్2ప్లస్_డెఫ్‌కాన్ఫిగ్’తో మళ్లీ మొదలుపెట్టి, మీ మార్పులు ఒక్కొక్కటే కలుపుతూ రండి.

ప్రశ్న: అదే బోర్డు. సందేశాలన్నీ వస్తున్నాయి కానీ చివర కెర్నల్ పానిక్: ‘అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)’. కార్డు మార్చినా పోలేదు.
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: బ్రాకెట్‌లోని అంకెలు చదవండి. 0,0 అంటే మీరు చెప్పిన రూట్ డివైస్ (మూల ఫైల్‌సిస్టమ్ ఉన్న చోటు) కెర్నల్‌కు కనపడనే లేదు. ఎంఎంసీ (మెమరీ కార్డు) డ్రైవర్‌ను మాడ్యూల్‌గా, అంటే విడి ఫైలుగా, కట్టి ఉంటారు. ఆ మాడ్యూల్ ఉన్నది కార్డులో, కార్డు తెరవాలంటే ఆ మాడ్యూల్ కావాలి! ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (కార్డు తెరవకముందే మెమరీలోకి ఎక్కే ఫైల్‌సిస్టమ్) వాడకపోతే ఎంఎంసీ, ఈఎక్స్‌టీ4 (కార్డులోని ఫైల్‌సిస్టమ్ రకం) రెండింటినీ కెర్నల్‌లోనే కలిపి కట్టాలి. బూట్‌ఆర్గ్స్‌లో ‘రూట్‌వెయిట్’ కూడా ఉండాలి, లేకపోతే కార్డు సిద్ధమయ్యేలోపే కెర్నల్ చేతులెత్తేస్తుంది.

అదే 179,2 అని వస్తే కథ వేరు. 179 ఎంఎంసీ నంబరు. రెండో పార్టిషన్ దొరికింది, దానిలోని ఫైల్‌సిస్టమ్ తెరవడం రాలేదు. రూట్‌వెయిట్ పెట్టాక ‘వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్’ దగ్గరే కదలకుండా కూర్చుంటే పేరు తప్పు. కెర్నల్ మారితే కార్డు, లోపలి ఈఎంఎంసీ (బోర్డు మీది నిల్వ చిప్) పేర్లలోని 0, 1 అంకెలు తారుమారు కావచ్చు. పేరు బదులు పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ సొంత గుర్తింపు సంఖ్య) రాస్తే ఆ బెడద ఉండదు.

ప్రశ్న: కెర్నల్ లేస్తోంది. 4జీ డాంగిల్ గుచ్చి పవర్ ఇస్తే మాత్రం మధ్యలో రీసెట్ అవుతోంది. కరెంటు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే.
– జగిత్యాల పాఠకుడు

జవాబు: కెర్నల్‌ను తిట్టకండి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. డాంగిల్ సిగ్నల్ వెతికేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు తోడైతే వోల్టేజీ పడిపోతుంది. గుండ్రటి సాకెట్‌కు 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టండి. 12 వోల్టుల రూటర్ అడాప్టర్ పిన్ను కూడా అందులో పడుతుంది, జాగ్రత్త.