ఫైలు మధ్యలో ఆగిపోతోందా? ఎన్నో శాతం దగ్గర ఆగిందో చూశారా?

"ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైఫైలో పెద్ద ఫైళ్లు పంపుతుంటే మధ్యలో ఆగిపోతున్నాయి, నమ్మదగిన యాప్ ఏది?" అని అడిగారు. యాప్ మార్చినంత మాత్రాన ఇది తగ్గదండీ. నేను వారం రోజుల్లో నాలుగు యాప్‌లు మార్చి చూశాను కాబట్టి చెబుతున్నాను.

పోయిన సంక్రాంతికి అమలాపురం దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. పెద్దమ్మకి 78 ఏళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చోబెట్టి, "పెద్దమ్మా, నీకు వచ్చిన పెళ్లి పాటలన్నీ ఒకసారి పాడవా" అని అడిగాను. నలుగు పాటతో మొదలుపెట్టి అప్పగింతల పాట దాకా ఏకబిగిన యాభై నిమిషాలు పాడింది. అవేవీ ఎక్కడా రాసిపెట్టినవి కావు. వాళ్ల అమ్మ దగ్గర విని నేర్చుకున్నవి. నేను ఆపకుండా ఒకే వీడియోగా తీశాను. 6.6 జీబీ వచ్చింది.

హైదరాబాద్ తిరిగొచ్చిన రెండో రోజే ఫోన్ డిస్‌ప్లే సగం నల్లబడింది. సర్వీస్ సెంటర్ వాళ్లు "డేటా పోతే మాకు సంబంధం లేదు, ముందే బ్యాకప్ తీసుకుని రండి" అన్నారు. ల్యాప్‌టాప్‌కి పంపుదామంటే సీ డ్రైవ్‌లో ఐదు జీబీ కూడా ఖాళీ లేదు. కొత్త 32 జీబీ పెన్‌డ్రైవ్ కొని ల్యాప్‌టాప్‌కి పెట్టి, వచ్చే ఫైళ్లు నేరుగా అందులోనే సేవ్ అయ్యేలా యాప్ సెట్టింగ్స్‌లో మార్చాను. ఫొటోలు చకచకా వెళ్లాయి. పెద్దమ్మ వీడియో మాత్రం ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయింది. మళ్లీ పంపితే మళ్లీ ఆగింది. "ట్రాన్స్‌ఫర్ ఫెయిల్డ్", అంతే. ఎందుకు ఫెయిల్ అయిందో ఒక్క ముక్క లేదు. ఈ యాప్‌లు చేసేవాళ్లు ఆ ఒక్క వాక్యం రాస్తే ఎంతమందికి టెన్షన్ తప్పుతుందో!

యూట్యూబ్‌లో ఒకాయన రౌటర్ మార్చమన్నాడు. 2,300 పెట్టి కొత్తది కొన్నాను. వేగం పెరిగింది కానీ ఫైలు మాత్రం వెళ్లలేదు. ఇంకొకరు షేర్‌ఇట్ వాడమన్నారు. అది 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి. ఇప్పటికీ దాన్ని ఎక్కడెక్కడి సైట్ల నుంచో వెతికి ఇన్‌స్టాల్ చేసుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఊరూ పేరూ తెలియని సైట్‌లో దొరికిన యాప్‌కి మన గ్యాలరీ మొత్తం అప్పగించడం ఏమిటి?

చివరికి మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. వాడు అడిగిన మొదటి ప్రశ్నే:

"ఎన్నో శాతం దగ్గర ఆగుతోంది అక్కా?"

"చూడలేదురా."

"ఇంకో రెండుసార్లు పంపి చూసి చెప్పు."

చూశాను. 65. మళ్లీ పంపితే మళ్లీ 65. పాత రౌటర్ పెట్టి చూసినా 65.

"అయితే వైఫై తప్పు కాదక్కా. సిగ్నల్ వల్ల ఆగితే ఒకసారి 20 దగ్గర, ఒకసారి 80 దగ్గర ఆగుతుంది. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందంటే ఫైలు వెళ్లే చోట అడ్డు ఉంది. ఎక్కడ సేవ్ చేస్తున్నావు?"

పెన్‌డ్రైవ్ అన్నాను. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడమన్నాడు. ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్32 అని ఉంది. డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చిపెట్టడానికి 1996 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి అది. అందులో ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంటుంది కాబట్టి, పెన్‌డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. జీబీకి వంద కోట్ల బైట్లని లెక్కేసే ఫోన్‌లో ఆ 4 జీబీ దాదాపు 4.3 అవుతుంది కాబట్టి, 6.6 జీబీలో దాదాపు 65 శాతం దగ్గర ఆ హద్దు తగిలేది. 32 జీబీ, అంతకన్నా చిన్న పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఇదే ఫార్మాట్‌తో వస్తాయి. ఆ సంగతి అట్ట మీద పెద్ద అక్షరాలతో ఎందుకు వేయరో నాకు అర్థం కాదు.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న నాలుగు ఫొటోలు తీసేసి ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి ఫార్మాట్ చేశాను. ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నదంతా పోతుంది, ముందే తీసిపెట్టుకోండి. తర్వాత వీడియో పన్నెండు నిమిషాల్లో వెళ్లిపోయింది.

అందుకే మిమ్మల్ని కూడా ముందు శాతం చూడమంటున్నాను. రోజుకో చోట ఆగుతుంటే అప్పుడు వైఫైని అనుమానించండి. అందులోనూ నా అనుభవంలో సగం తప్పు ఫోన్‌దే. స్క్రీన్ లాక్ పడగానే బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌ని ఫోనే ఆపేస్తుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వండి. లేదంటే పంపినంతసేపూ స్క్రీన్ వెలుగుతూ ఉండనివ్వండి. ల్యాప్‌టాప్ కూడా నిద్రపోకుండా చూసుకోండి.

ఆగకపోయినా నత్తనడక నడుస్తుంటే మీ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో దారి మీద ఉందేమో చూడండి. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ ఆ ఇరుకులోనే కొట్టుకుంటాయి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌కి మారి రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. ఇంకో సంగతి: ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వైఫైలోనే ఉంటే ప్రతి ఫైలూ ఫోన్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకోసారి గాల్లో ప్రయాణం చేయాలి. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి ల్యాన్ కేబుల్‌తో కలిపితే ఒక ప్రయాణం తగ్గుతుంది. కానీ సన్నగా ఉండాలని కొత్త ల్యాప్‌టాప్‌లలో ల్యాన్ పోర్టే తీసేస్తున్నారు. ఆ రెండు మిల్లీమీటర్లు ఎవరడిగారు?

అసలు ల్యాప్‌టాప్ పేరే ఫోన్‌లో కనిపించకపోతే అది వేరే కథ. హాస్టల్, పీజీ, గెస్ట్ వైఫైలలో ఒక పరికరం ఇంకొకదానికి కనపడకుండా తరచుగా కట్టేస్తారు. ఇంట్లో అయితే విండోస్‌లో మీ వైఫైని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చండి, వీపీఎన్ ఉంటే ఆపండి. హాస్టల్లో అయితే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌ని దానికే కలపండి. డేటా ఎందుకు ఆపాలంటే, లేకపోతే విండోస్ అప్‌డేట్లు మీ రోజు కోటా మింగేస్తాయి.

యాప్ పేరే కావాలంటే, నేను ఇప్పుడు లోకల్‌సెండ్ వాడుతున్నాను. ఉచితం, ప్రకటనలు లేవు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. గూగుల్ క్విక్ షేర్ కూడా బాగానే ఉంది. కానీ ఆ రోజు రెండూ అదే 65 దగ్గర ఆగాయని మర్చిపోకండి.

ఫోన్‌లో డిలీట్ చేసే ముందు మాత్రం అవతల ఫైలు తెరిచి చూడండి. పేరు కనిపించింది కదా అని వదిలేయకండి. ఫోన్ వీడియోల్లో దేని తర్వాత ఏది రావాలో చెప్పే పట్టిక సాధారణంగా ఫైలు చివర్లో ఉంటుంది. తోక తెగిన వీడియో మొదటి నిమిషం కూడా ఆడదు. నా మొదటి ప్రయత్నంలో పెన్‌డ్రైవ్‌లో మిగిలిన 4 జీబీ ముక్క అలాంటిదే. అది చూసి "వచ్చేసిందిలే" అనుకుని ఫోన్ సర్వీస్‌కి ఇచ్చి ఉంటే పెద్దమ్మ పాటల్లో ఒక్కటీ మిగిలేది కాదు. నేను సరాసరి నలభై ఎనిమిదో నిమిషానికి జరిపి అప్పగింతల పాట చివరి చరణం పూర్తిగా విన్నాను. ఆ తర్వాతే ఫోన్ తీసుకుని సర్వీస్ సెంటర్‌కి బయల్దేరాను.