షాపు ముందు బండి.. కాగితం ఎవరి పేరున?

(మునిసిపాలిటీల్లో పాతికేళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన వ్యక్తి చిరు వ్యాపారుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: సార్, మా ఆయన ఆటో నడిపేవారు. నడుం ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నారు. ఏడాదిగా నేను ఇంట్లోనే పునుగులు, మిర్చి బజ్జీలు వేసి చుట్టుపక్కల వాళ్లకు అమ్ముతున్నాను. ఇప్పుడు సాయంత్రం పూట బండి పెడదామని ఉంది. మెయిన్ రోడ్డు మీద ఒక కిరాణా షాపాయన, ‘మా షాపు ముందు పెట్టుకోమ్మా, నెలకు 4 వేలు ఇవ్వు. నాకు లైసెన్స్ ఉంది, అదే నీకూ సరిపోతుంది’ అంటున్నాడు. రెండు నెలల అడ్వాన్స్ అడుగుతున్నాడు. సెకండ్ హ్యాండ్ బండి ఒకటి 18 వేలకు మాట్లాడుకున్నాను. లైసెన్స్ నా పేరున విడిగా తీసుకోవాలా? ఎక్కడికి వెళ్లాలి? మునిసిపాలిటీ వాళ్లు వచ్చి బండి ఎత్తుకుపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. పేరు, ఊరు వేయకండి.

జవాబు: అమ్మా, ఆ 8 వేల అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోయి ఉంటే ఇవ్వకండి. బండికి కూడా బయానా కట్టకుండా ఒక వారం ఆగండి. ముందు తేలాల్సినవి కొన్ని ఉన్నాయి.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతాను. షాపాయన లైసెన్స్ మీకు పనికిరాదు. ఆయన ట్రేడ్ లైసెన్స్ ఆయన పేరున, ఆ షాపు అడ్రస్‌కు, కిరాణా వ్యాపారానికి ఇచ్చింది. ఆయన పప్పులు, నూనెలు అమ్ముకోవడానికి ఫుడ్ రిజిస్ట్రేషన్ తీసుకుని ఉన్నా అది కూడా అంతే. మీరు నూనె కాచి బజ్జీలు వేసే పని అందులోకి రాదు. రేపు ఎవరికైనా కడుపునొప్పి వచ్చి కంప్లయింట్ ఇస్తే ఆఫీసర్ వచ్చి అడిగేది బండి దగ్గర నిలబడ్డ మిమ్మల్నే. అప్పుడు చేతిలో మీ పేరున ఒక్క కాగితమైనా లేకపోతే మీ తరఫున మాట్లాడటానికి ఏమీ ఉండదు.

ఇక స్థలం. ఒకసారి సాయంత్రం వెళ్లి ఆ షాపు షట్టర్ దగ్గర నిలబడి రోడ్డు వైపు చూడండి. షట్టర్, దాని ముందు రెండు మూడు మెట్లు, ఆ తర్వాత మురుగు కాలువ, దాని మీద సిమెంట్ పలకలు, ఆ తర్వాత తారు రోడ్డు ఉంటాయి. మన ఊళ్లలో చాలాచోట్ల ఇదే వరస. బండి ఎక్కడ నిలబెట్టమని ఆయన చూపించాడో గుర్తు చేసుకోండి. కాలువ పలకల మీద అయితే అది ఆయన స్థలం కాదు, మునిసిపాలిటీది. పలకలు ఆయన డబ్బుతో వేయించుకున్నా సరే, స్థలం ఆయనది అయిపోదు. తనది కాని చోటుకు ఆయన మీ దగ్గర నెలకు 4 వేలు తీసుకుంటాడన్నమాట. నా సర్వీసులో ఇలాంటి అద్దెలు ఎన్ని చూశానో లెక్కలేదు. కట్టేది ఎప్పుడూ బండివాళ్లే, రసీదు మాత్రం ఒక్కరి దగ్గరా కనిపించలేదు.

బండి నిలిచేది మెట్ల లోపల, ఆయన సొంత జాగాలోనే అయితే సంగతి వేరు. అప్పుడు అద్దె అడగడంలో తప్పులేదు. కానీ కాగితం మీద రాయించుకోండి. ఎంత చోటు, ఏ టైం నుంచి ఏ టైం వరకు, కరెంటు ఎవరిది, ఖాళీ చేయమనాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. ఆయనే అద్దెకున్నవాడైతే బిల్డింగ్ ఓనర్ సంతకం కూడా ఉండాలి. అక్కడ ట్రేడ్ లైసెన్స్ కావాలా అన్నది మునిసిపల్ ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. 2014 చట్టం రాకముందు మాట. ట్రాఫిక్‌కు అడ్డంగా ఉన్నాయని పైనుంచి ఆర్డర్ వస్తే ట్రాక్టర్ వేసుకుని బండ్లు తీయించడానికి వెళ్లాం. ఒక బట్టల షాపు ముందు మిర్చి బజ్జీ బండి ఉంది. ఆమె అప్పుడే శనగపిండి కలుపుకుని మూకుడు ఎక్కించింది. మమ్మల్ని చూడగానే షాపు వైపు తిరిగి ‘అన్నా, చెప్పన్నా’ అంది. ప్రతి నెలా అద్దె తీసుకుంటున్న ఆ షాపాయన ‘ఈమె ఎవరో నాకు తెలీదు సార్’ అని లోపలికి వెళ్లిపోయాడు. మావాళ్లు బండి ఎక్కించేశారు. పిండి గిన్నె మాత్రం ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. వేడి నూనె ఎక్కడ పోయాలో తెలియక మావాడొకడు కాలువలో పారబోశాడు. మూడు రోజులకు ఆమె ఫైన్ కట్టి బండి తీసుకోవడానికి వస్తే పొయ్యి బర్నర్ లేదు, జల్లిగరిటె లేదు. మేం ఏం తీసుకెళ్లామో లిస్టు రాయలేదు కాబట్టి ఏం పోయిందో ఆమె రుజువు చేయలేకపోయింది. రాయాల్సింది నేను. రాయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు చట్టం ఉంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార నియంత్రణ చట్టం. 2014 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు చాలా ముందే, 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి హక్కులోకి వస్తుందని, దాన్ని క్రమబద్ధం చేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని చెప్పింది. ఆ రెండు మాటలూ ఈ చట్టంలో కనిపిస్తాయి. అమ్ముకునే హక్కు ఉంది. ఎక్కడ, ఎప్పుడు అన్నదానికి షరతులూ ఉన్నాయి.

మీకు కావాల్సింది వెండింగ్ సర్టిఫికెట్, అంటే వీధిలో అమ్ముకోవడానికి మీ పేరున ఇచ్చే అనుమతి పత్రం. దీన్ని చూసేది టౌన్ వెండింగ్ కమిటీ, మునిసిపల్ కమిషనర్ దానికి చైర్మన్. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. కనీసం ఐదేళ్లకోసారి సర్వే చేసి, అందులో తేలినవారికి సర్టిఫికెట్లు ఇస్తారు. మీరు సర్వేలో లేరు కదా అని ఆగిపోకండి. సర్వేకీ సర్వేకీ మధ్య కొత్తగా వ్యాపారం పెట్టుకోవాలనుకునేవారికి కూడా సర్టిఫికెట్ ఇవ్వొచ్చని సెక్షన్ 4లోనే ఉంది. ఆఫీసులో ‘సర్వే అయిపోయిందమ్మా, మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం’ అంటే ఈ మాట గుర్తు చేయండి.

ముందు మెప్మా విభాగానికి వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టణ పేదల పనులు చూసేది అదే. పొదుపు సంఘంలో ఉంటే మీ ఆర్పీని (సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్‌ను) వెంట తీసుకెళ్లండి, పని తేలికవుతుంది. దరఖాస్తు మాత్రం కమిషనర్ పేరున రాసి ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే కౌంటర్‌లో ఇవ్వండి. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. నోటిమాటగా అడిగి వచ్చేసిన మనిషి ఫైలు ఏ టేబుల్ మీదా ఉండదు. స్టాంపు ఉన్న కాపీతో రెండోసారి వెళితే మాట్లాడే తీరే మారిపోతుంది. దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది.

అక్కడే అడగాల్సిన ఇంకో మాట ఉంది. ఆ మెయిన్ రోడ్డు ఏ జోన్‌లో ఉందో కనుక్కోండి. స్వేచ్ఛగా అమ్ముకోగలిగేవి, కొన్ని షరతులతో అమ్ముకోగలిగేవి, అసలు అమ్మకూడనివి అని మూడు రకాల జోన్లు ఉంటాయి. అమ్మకూడని జోన్ అయితే షాపాయన ఎంత మంచివాడైనా అక్కడ మీకు సర్టిఫికెట్ రాదు. అలాంటప్పుడు పక్క వీధిలో చోటు అడగడం మంచిది. గిరాకీ మొదట్లో కొంచెం తగ్గినా, రోజూ ట్రాక్టర్ చప్పుడుకు ఉలిక్కిపడాల్సిన పని ఉండదు.

సర్టిఫికెట్ ఇచ్చే ముందు మీ దగ్గర హామీ పత్రం తీసుకుంటారు. వ్యాపారం మీరు గానీ మీ కుటుంబ సభ్యులు గానీ చేయాలి. వేరే జీవనాధారం ఉండకూడదు. సర్టిఫికెట్‌ను, ఆ చోటును ఇంకొకరికి ఇవ్వకూడదు, అద్దెకు తిప్పకూడదు. మీ ఆయన కాసేపు వచ్చి కూర్చుని డబ్బులు తీసుకున్నా ఏ ఇబ్బందీ లేదు. చట్టం ఒప్పుకున్నదే అది. మీకు జరగరానిది ఏదైనా జరిగితే సర్టిఫికెట్ గడువు తీరేదాకా ఆయన గానీ, మీ మీద ఆధారపడ్డ పిల్లలు గానీ నడుపుకోవచ్చు.

ఇప్పుడు మీ అసలు భయం దగ్గరికి వస్తాను. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వీధి వ్యాపారులను ఖాళీ చేయించకూడదని సెక్షన్ 3 చెబుతుంది. కానీ అది ఇప్పటికే అమ్ముకుంటున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసింది. కొత్తగా పెట్టబోయే మీరు దాన్ని నమ్ముకుని బండి దింపొద్దు. సర్టిఫికెట్ ఉన్నాక మిమ్మల్ని అక్కడినుంచి కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే తీసుకెళ్లిన వస్తువుల లిస్టు రాసి, సంతకం పెట్టి మీ చేతికి ఇవ్వాలి. మీరు వెళ్లి అడిగి, కట్టాల్సింది కడితే పాడైపోయే సరుకు ఆ రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. ఎవరైనా బండి మీద చెయ్యి వేస్తే కేకలు వేయకుండా ‘లిస్టు రాసివ్వండి సార్’ అని అడగండి. వెంటనే ఫోన్లో బండి ఫొటో నాలుగు వైపులా తీసుకోండి. ఆ రోజు ఆ బట్టల షాపు ముందు బజ్జీలామె దగ్గర అలాంటి ఫొటో ఒక్కటున్నా బర్నర్ దొరికేది.

ఫుడ్ రిజిస్ట్రేషన్ దీంతో పోలిస్తే చాలా సులువు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫాస్కోస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో చేయాలి. మీ స్థాయి వ్యాపారానికి లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫొటో, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. 2011 నిబంధనలు చిన్న వ్యాపారులకు ఏడాదికి 100 రూపాయల ఫీజు పెట్టాయి. తర్వాత ఏం మారినా పోర్టల్‌లోనే కనిపిస్తుంది, అక్కడ ఉన్నంతే కట్టండి. ఇంటర్నెట్ సెంటర్‌లో వెయ్యి, రెండు వేలు అడిగితే లేచి వచ్చేయండి. 14 అంకెల నంబరు వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి లామినేషన్ చేయించి బండికి కనిపించేలా కట్టండి.

బండికి 18 వేలు అప్పు చేసి తెద్దామనుకుంటే మాత్రం ఆగండి. సర్టిఫికెట్ గానీ, మునిసిపాలిటీ ఇచ్చే సిఫార్సు లేఖ గానీ ఉంటే వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన రుణ పథకం పీఎం స్వనిధి కింద బ్యాంకులో తాకట్టు లేకుండా మొదట 15 వేల వరకు ఇస్తారు. అది సక్రమంగా కడితే 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. ఈ పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. అధిక వడ్డీకి తెచ్చిన డబ్బుతో మొదలైన బండి వడ్డీ కట్టడానికే తిరుగుతుంది.

షాపాయనతో మాత్రం మంచిగానే ఉండండి. ఆయన మెట్లకు అడ్డం రాకుండా, పొగ షాపులోకి కొట్టకుండా బండి నిలబెట్టుకుంటే చాలు. ‘అన్నా, నా పేరున కాగితాలు తెచ్చుకుంటున్నా, అవి వచ్చాక మాట్లాడుకుందాం’ అని చెప్పి చూడండి. నిజంగా మీ మేలు కోరేవాడైతే ఆగుతాడు.

ప్రశ్న: నాది చిన్న ఫ్యాన్సీ షాపు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండి పెట్టారు. కస్టమర్లు లోపలికి రావడానికి దారి లేదు. నేనే తీయించేయవచ్చా?

జవాబు: తీయించకూడదు. ఫుట్‌పాత్ మీది కాదు కాబట్టి బండి మీద చెయ్యి వేసే అధికారం మీకు లేదు. అలాగని మీ దారి మూసేసే హక్కు వాళ్లకూ లేదు. ముందు ఉదయం గిరాకీ లేనప్పుడు వెళ్లి మాట్లాడండి. రెండు అడుగులు పక్కకు జరిగితే తీరిపోయే గొడవలే ఎక్కువ. వినకపోతే షాపు ఫొటోతో కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. బండికి సర్టిఫికెట్ ఉందా, అది ఆ చోటుకేనా అన్నది వాళ్లే చూస్తారు.

ప్రశ్న: బజ్జీ బండికి ఇంట్లో వాడే గ్యాస్ సిలిండర్ పెట్టుకోవచ్చా? అందరూ అదే వాడుతున్నారు.

జవాబు: వద్దు. 14.2 కిలోల సిలిండర్ ఇంటి వంటకు మాత్రమే, వ్యాపారానికి 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి. దొరికితే సిలిండర్ పోతుంది, కేసు కూడా అవుతుంది. ఏ సిలిండర్ పెట్టినా పొయ్యి కిందకు నేరుగా రాకుండా, నిటారుగా నిలబెట్టండి. మూకుడు అంచు నుంచి నూనె చుక్కలు పడేచోట రబ్బరు పైపు ఉంటే నెల తిరిగేసరికి పగుళ్లు పడుతుంది. రోజూ బండి పెట్టగానే పైపు రెండు చివర్లా సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు వస్తే ఆ పూట పొయ్యి వెలిగించొద్దు.