‘అనుకుందాం’ అన్నాక

అమ్మాయీ,

తర్కం నియమాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. “తర్కం మానవ మేధకు మకుటం” అంటూ ఎత్తుకున్న మొదటి పేరా మొత్తం కొట్టేశాను, ఏమనుకోకు. అలా దేని గురించైనా మొదలుపెట్టొచ్చు, జీడిపప్పు గురించి కూడా.

నీ అసలు వ్యాసం మూడో పేజీలో, జర్మన్ తార్కికుడు గెర్హార్డ్ గెంట్‌జెన్ దగ్గర మొదలవుతోంది. గణితం చేసేవాళ్లు కాగితం మీద నిజంగా ఎలా వాదిస్తారో గమనించి, ఆ నడకనే నియమాలుగా రాశాడతను. ఆ పరిశోధన 1934-35లో అచ్చయింది. నువ్వు నియమాలన్నీ పట్టిక వేసి చేతులు దులిపేసుకున్నావు. పట్టిక ఎవరూ చదవరు. ఒక్క నియమం తీసుకో, విప్పి చూపించు.

“వానొస్తే చెరువు నిండుతుంది.” ఈ మాట అనే హక్కు నాకెలా వచ్చింది? వాన వచ్చిందో లేదో నాకు తెలియక్కర్లేదు. “వానొచ్చిందనుకుందాం” అంటాను. వాగు పొంగుతుంది, వాగు నీళ్లు కాలవలో పడతాయి, కాలవ చెరువులో కలుస్తుంది. అలా “చెరువు నిండింది” దాకా వస్తాను. వచ్చాక ఆ ‘అనుకుందాం’ని వెనక్కి ఇచ్చేస్తాను. అది అప్పు తెచ్చుకున్న మాట కదా, తీర్చేయాలి. తీర్చాక నా చేతిలో “వానొస్తే నిండుతుంది” అన్నదొక్కటే మిగులుతుంది. నడివేసవిలో ఆకాశం భగభగమంటున్నా అది చెల్లుతుంది.

ఇప్పుడు నీ ఐదో పేజీ తియ్యి. “మనసు ఒక యంత్రం అనుకుంటే” అని మొదలెట్టి, “కాబట్టి మనిషికి స్వేచ్ఛ లేదు” అని ముగించావు. మరి ఆ ‘అనుకుంటే’ ఏమైంది? అప్పు ఎగ్గొట్టావు. తత్వశాస్త్రం రాసేవాళ్లలో ఈ జబ్బు ఉన్నంతగా ఇంకెక్కడా చూడలేదు. నాకూ ఉండేది.

ఇంకోటి. వ్యాసం నిండా ‘మరియు’లే. మన భాషలో ఆ పని మాట చివరి దీర్ఘం చేస్తుంది: అన్నమూ పప్పూ. ‘లేదా’ పని ఓకారం చేస్తుంది: ఆవకాయో మాగాయో. నీ విషయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉందా? “అన్నమూ పప్పూ ఉన్నాయి” అనాలంటే రెండూ ఉన్నాయని తేల్చుకోవాలి. అన్నాక రెండింటిలో ఏదడిగినా పెట్టాలి. “ఆవకాయో మాగాయో ఉంది” అనడానికి ఒక్కటుంటే చాలు. కానీ విన్నవాడికే కష్టం, రెండు దారులూ నడవాలి. ఆవకాయ అయితే పెరుగన్నం గడుస్తుంది, మాగాయ అయినా గడుస్తుంది, కాబట్టి ఏదున్నా ఈ పూట గడుస్తుంది. ఆ దీర్ఘానికీ ఆ ఓకారానికీ అర్థం ఏమిటని అడిగితే ఇంతే: ఎప్పుడు అనొచ్చు, అన్నాక ఏం రాబట్టుకోవచ్చు. ‘మరియు’, ‘లేదా’ లాంటి ఒక గుర్తును వాదనలోకి తెచ్చే నియమాలు దాని నిర్వచనాల్లాంటివనీ, తీసేసే నియమాలు వాటి పర్యవసానాలనీ గెంట్‌జెన్ అన్నది దీన్నే.

ఇక్కడే తార్కికుడు ఆర్థర్ ప్రయర్‌ని పిలవాలి. నువ్వేమో ఆయన్ని ఫుట్‌నోట్‌లో కూర్చోబెట్టావు! నియమాలే అర్థమైతే నేనూ ఒకటి కల్పిస్తా చూడండని 1960లో ‘టాంక్’ అనే మాట పుట్టించాడు. ఏదైనా నిజమైతే దాని పక్కన టాంక్ పెట్టి నీకిష్టమైన వాక్యం తగిలించొచ్చు. అలా తగిలించినదాన్నుంచి రెండో వాక్యాన్ని విడిగా తీసుకోవచ్చు. ఇవాళ బుధవారం. కాబట్టి “ఇవాళ బుధవారం టాంక్ నువ్వు నాకు లక్ష రూపాయలు బాకీ”. కాబట్టి లక్షా పట్టుకురా. జాడీలో మామిడికాయ వేసి బంగారం తీసినట్టు. కొత్త మాట వచ్చాక, పాత మాటల్లో అంతకు ముందు రుజువు కానిది కొత్తగా రుజువు కాకూడదని 1962లో అమెరికన్ తార్కికుడు బెల్నప్ జవాబిచ్చాడు. వేసినదానికీ తీసినదానికీ పొందిక ఉండాలని తర్వాత ఇంగ్లండు తత్వవేత్త డమ్మెట్ పట్టుబట్టాడు. ఆ తగాదాయే నీ వ్యాసానికి ప్రాణం, దాన్ని నడిమధ్యకి తీసుకురా.

గణిత తార్కికుడు గోడెల్ సంగతి రాసేటప్పుడు జాగ్రత్త. కుర్రతనంలో ఒక వారపత్రికకి “1931లో గోడెల్ హిల్బర్ట్ కలను పాతిపెట్టాడు” అని రాసి మురిసిపోయాను. గణితంలో వైరుధ్యం పుట్టదని సరళమైన పద్ధతులతోనే రుజువు చేయాలన్నది గణితవేత్త హిల్బర్ట్ కల; అంకగణితం తనలో వైరుధ్యం లేదని తనంతట తాను రుజువు చేసుకోలేదని గోడెల్ చూపించాడు. వారం తిరక్కుండా ఒక కార్డుముక్క వచ్చింది: “మరి 1936?” సంతకం కూడా లేదు. ఆ ఏడాది గెంట్‌జెన్ అంకగణితంలో వైరుధ్యం పుట్టదని నిరూపించాడు. అందుకు ఎప్సిలాన్-సున్నా అనే అనంత క్రమసంఖ్య దాకా మెట్టుమెట్టుగా సాగే రుజువు పద్ధతి (అనుగమనం) కావలసి వచ్చింది, అది ఆ అంకగణితంలో రుజువయ్యేది కాదు. పాతిపెట్టడం కాదు, ఖరీదు ఎంతో తేలడం. నా క్రియాపదం తప్పు.

గెంట్‌జెన్ 1945 ఆగస్టులో ప్రేగ్ జైల్లో తిండిలేక చనిపోయాడు, 35 ఏళ్లకే. నాజీ పార్టీ సభ్యుడు కూడా. రెండూ రాయి. ఒకటి రాసి ఒకటి దాచకు.

చివర్లో ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టుని తెచ్చావు, సంతోషం. “మనవాళ్లు ఇదంతా ఎప్పుడో చెప్పారు” అన్న వాక్యం మాత్రం తీసెయ్. చెప్పింది వేరు. కొండ మీద పొగ చూసి నిప్పుందని తనకు తాను తెలుసుకోవడం స్వార్థానుమానం, ఎదుటివాడికి అయిదు అవయవాలతో, అంటే వాదనలోని అయిదు భాగాలతో, చెప్పడం పరార్థానుమానం. ఆ అయిదింటిలో ఉదాహరణ ఒకటి, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, “వంటింట్లోలాగా” అని. గెంట్‌జెన్ నియమాల్లో వంటింటికి చోటే లేదు. అవి వాక్యం ఆకారం చూస్తాయి గాని పొగనీ నిప్పునీ చూడవు. ఈ తేడా మీద ఒక పేజీ రాస్తే నేను ఆనందంగా చదువుతాను.

వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాను. అయిదో పేజీలో అప్పు తీర్చి తీసుకురా. లక్ష సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు