పదహారు దగ్గర ఆగిన చేయి

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. లాస్ వేగాస్ క్యాసినోలోకి నీ కుర్రవాడు అడుగుపెట్టే మొదటి మూడు పేజీల్లో ఒక్క మాట కూడా తీయనక్కర్లేదు. నాలుగో పేజీలో బ్లాక్‌జాక్ (ఇరవై ఒకటి దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకునే పేకాట) మొదలైంది, అక్కడే కథ నీ చేయి జారింది. మూడో ముక్క అడిగి, దాన్ని చూడగానే అతను "బ్లాక్‌జాక్!" అని అరిచాడు. బ్లాక్‌జాక్ అంటే మొదట పంచిన రెండు ముక్కలే: ఒక ఆసు, దానికి తోడు పది విలువ చేసే ముక్క (పది, జాకీ, రాణి, రాజు). మూడు ముక్కలతో వచ్చింది వట్టి ఇరవై ఒకటి. దానికి పెట్టిన పందెం ఎంతో అంతే ఇస్తారు. అసలైన బ్లాక్‌జాక్‌కు పాత లెక్క ప్రకారం రెండు డాలర్లకు మూడు. ఆట తెలిసిన పాఠకుడికి ఆ అరుపుతోనే నీ మీద నమ్మకం పోతుంది.

అది ఒక్క గీతతో సరిచేయగల తప్పు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ముక్కలు పంచే నీ డీలర్. ఆమె కళ్లు చిట్లిస్తుంది, వంకరగా నవ్వుతుంది, కుర్రవాడి మనసు చదవడానికి చూస్తుంది. ఇవన్నీ పోకర్ కథల సరుకు. బ్లాక్‌జాక్‌లో డీలర్ నిర్ణయించేది ఏమీ లేదు. పదహారు దాకా ముక్క తీయాల్సిందే, పదిహేడుకు ఆగాల్సిందే. ఆసును పదకొండుగా లెక్కేసిన పదిహేడు మీద నియమం బల్లను బట్టి మారుతుంది, కానీ అదీ ఆమె ఇష్టం కాదు. సినిమాలూ నవలలూ ఆమెను ప్రతినాయకురాలిని చేస్తాయి, ఎందుకంటే ఎదురుగా ఒక ముఖం ఉంటే దృశ్యం రాయడం సులువు. నువ్వు ఆ సులువుకు లొంగవద్దు.

మరి ఉత్కంఠ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క పంపకాన్ని తీసుకుందాం. కుర్రవాడి దగ్గర పదీ ఆరూ, మొత్తం పదహారు. డీలర్ ముందు తెరిచి ఉన్నది రాజు. ముక్క అడిగితే పదమూడు రకాల్లో ఎనిమిది రకాలు అతన్ని ఇరవై ఒకటి దాటిస్తాయి. అడగకపోతే డీలర్ పదిహేడో అంతకు పైనో చేరి గెలిచే అవకాశమే ఎక్కువ. రెండు దారుల్లోనూ ఓటమి వైపే మొగ్గు. లెక్క ప్రకారం అడగడమే కాస్త తక్కువ నష్టం. ఆ సంగతి తెలిసినవాడికి కూడా అడగడానికి చేయి రాదు, ఎందుకంటే అడిగి ఓడితే తన చేత్తో తనే ఓడినట్టుంటుంది. నీ కథ మొత్తం ఆ చేయి రాకపోవడంలోనే ఉంది. ఈ ఉత్తరం రాసేముందు నేను ఒక సాయంత్రం బల్ల మీద ముక్కలు పరుచుకుని, పదహారు వచ్చిన ప్రతిసారీ నోటితో కాక వేలితో అడిగాను. క్యాసినోలో అలాగే అడుగుతారు: ముక్క కావాలంటే బల్ల మీద వేలితో తట్టడం, వద్దంటే అరచేయి అడ్డంగా ఊపడం. పైనున్న కెమెరాకు మాట వినపడదు, చేయి కనిపిస్తుంది. నీ కుర్రవాడి నోటి నుంచి సంభాషణ తీసేసి ఆ వేలు రాయి.

డాన్ క్విక్సోట్ సృష్టికర్త సెర్వాంటెస్ 1613లో అచ్చు వేయించిన కథల్లో ఒకటి ఇద్దరు కుర్ర మోసగాళ్లది. వాళ్లలో ఒకడు ఇరవై ఒకటి ఆట గురించి చెబుతూ, మొదటి ముక్కగా ఆసు ఖాయమైతే అది ఒకటిగానూ పదకొండుగానూ పనికొస్తుందని వివరిస్తాడు. నాలుగు వందల ఏళ్ల కిందటే ఒక రచయిత ఆట కీలును పాత్ర నోట పెట్టాడు. ఆ ఒక్క వాక్యంతో ఆ కుర్రాడి బతుకంతా మనకు తెలిసిపోతుంది.

ముక్కలు లెక్కించే సన్నివేశం గురించి కూడా చెప్పాలి. 1988 నాటి 'రెయిన్ మ్యాన్' సినిమా తర్వాత, ఆరు పేక కట్టలనూ గుర్తుపెట్టుకునే అద్భుత మేధావికే అది సాధ్యమన్న అభిప్రాయం బలపడింది. నిజానికి మోయాల్సింది ఒక్క అంకెనే. రెండు నుంచి ఆరు వరకు ఏది కనిపించినా ఒకటి కలుపు, పది, జాకీ, రాణి, రాజు, ఆసు కనిపిస్తే ఒకటి తీసేయి, మిగిలినవి వదిలేయి. వచ్చిన అంకెను మిగిలిన కట్టలతో భాగించు. అంకె పెద్దదైతే పెట్టెలో పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలాయని అర్థం. గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్ 1962లోనే లెక్కింపు గురించి పుస్తకం రాశాడు. ఇంత చేసినా దక్కే పైచేయి నూటికి ఒకటి అటూ ఇటూ. అంటే సరిగ్గా ఆడుతూనే వరసగా కొన్ని రాత్రులు ఓడవచ్చు. సినిమాల్లో చిప్స్ (పందెం బిళ్లలు) గుట్టలు పెరిగే ఆ రెండు నిమిషాల కంటే, సరిగ్గా ఆడి ఓడినవాడు గదికి తిరిగొచ్చి బూట్లు విప్పుకోవడం నాకు పెద్ద కథ. ఇందాకటి పదహారే చూడు: లెక్క సున్నా దాటి ఉంటే అతను ముక్క అడగడు. పక్కవాడికి పిరికితనంగా కనిపించేది అతనికి గణితం.

చివరి పేజీలో బలిసిన మనుషులు నీ కుర్రవాడిని వెనక గదిలో కొడతారు. తీసేయి. మెదడుతో లెక్కించడం లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో నేరం కాదు, కానీ క్యాసినో మర్యాదగానే "ఇక మీరు బ్లాక్‌జాక్ ఆడవద్దు" అనగలదు. మరో అమెరికా రాష్ట్రం న్యూజెర్సీలో అదీ కుదరదని, కెన్ యూస్టన్ అనే ఆటగాడి కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. అలాంటి చోట ఏం చేస్తారో తెలుసా? ముక్కల పెట్టె సగమైనా కాకముందే మళ్లీ కలిపేస్తారు. అప్పటిదాకా మోసుకొచ్చిన అంకె ఒక్క క్షణంలో సున్నా. ఏ దెబ్బా తగలకుండా ఒక మనిషి కూలబడడం నువ్వు అక్కడ రాయగలవు.

ఒక చోట, మూడో పేజీ చివర, డీలర్ బల్ల వదిలి వెళ్తూ రెండు అరచేతులూ తిప్పి పైకి చూపిస్తుంది. చిప్స్ ఏవీ దాచలేదని కెమెరాకు చూపడం అది. నువ్వు దాన్ని వివరించకుండా వదిలేశావు, చాలా బాగుంది. ఆమె నవ్వు కొట్టేసి ఆ చేతులను నాలుగో పేజీలోకి తీసుకురా. తిరగరాశాక మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య